కేసు ముగిసేవరకు పాపకు వినబడనక్కరలేదా?

పిల్లల సేవల విభాగం ఫిర్యాదుల అధికారి గారికి,
కౌన్సిల్ కార్యాలయం.

అయ్యా,

విషయం: నా మనవరాలు బెథాన్ (ఐదేళ్ళు)కు వినికిడి మిషన్లు ఇప్పించుట గురించి, కోర్టు కేసు కారణముగా నా ఫిర్యాదును పక్కన పెట్టుటను పునఃపరిశీలించుట గురించి.

బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన విల్‌ఫ్రెడ్ గార్‌సైడ్ అను నేను మనవి చేసుకొనునది:

1. నా కూతురు లొరేన్ తాగుడుకు బానిసైనందున గత శీతాకాలములో తమ శాఖవారు బెథాన్‌ను తీసుకొనిపోయి వేరొక కుటుంబము వద్ద ఉంచినారు. పాప ఎవరి వద్ద పెరగవలెనన్నది కోర్టులో విచారణలో ఉన్నది. దానిపై నాకు ఫిర్యాదు లేదు. ఆ రోజు లొరేన్ వంటింట్లో నేలమీద పడి ఉంది. తమకు ఫోన్ చేసింది నేనే.

2. బెథాన్‌కు పుట్టుకతో వినికిడి తక్కువ. రెండు చెవులకూ మిషన్లు ఉండవలెను. వసంతములో పాపను మరొక ఇంటికి మార్చినప్పుడు అవి పాత ఇంటిలోనే ఉండిపోయినవి. సోషల్ వర్కర్ కుమారి థార్ప్ గారికి విన్నవించగా "రాసుకున్నానండీ, చూస్తాను" అన్నారు. మళ్ళీ అడుగగా "ఆ పాత ఇంటివాళ్ళు ఫోనెత్తడం లేదండీ" అన్నారు. కొత్తవి ఇచ్చుటకు తమ శాఖ సంతకము కావలెనని ఆసుపత్రివారు అన్నారు. సంతకము రాలేదు.

3. తమకు ఫిర్యాదు పంపగా, విచారణకు భంగము కలుగును గనుక కేసు ముగియువరకు స్వీకరించజాలమని జవాబు వచ్చినది. కోర్టు వరండాలో లొరేన్ తరఫు లాయరును అడిగాను. "ఇది పాప ఎక్కడుండాలన్న కేసండీ. మిషన్ల సంగతి కౌన్సిల్‌కి రాసుకోండి" అన్నాడు. తమ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి "కేసు నడుస్తోంది కదండీ, కోర్టులోనే చెప్పుకోండి" అంది.

"చెవిలో మిషన్ పెడితే కేసుకేం నష్టం తల్లీ?"

"రూలండీ."

4. మొన్న గురువారము, తమ శాఖవారు పిల్లలను బంధువులకు చూపించు కేంద్రములో, బెథాన్ నా ఒళ్ళోకెక్కి నా నోటివంకే చూస్తూ అడిగింది.

"తాతా, నేనేం తప్పు చేశాను?"

"ఏం చెయ్యలేదురా బంగారం. ఎందుకలా అంటున్నావ్?" అని దాని చెవి దగ్గర అరిచాను.

"మరి ఆ ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడరేం?"

మాట్లాడుతున్నారయ్యా. వాళ్ళు మంచివాళ్ళే. తినడానికి రమ్మంటారు, పడుకోమంటారు. దీనికి వినబడదు. అందరికీ తనమీద కోపమనుకుంటోంది. మూల కుర్చీలో రాసుకుంటున్న కుమారి థార్ప్ గారి కలం ఆగిపోయింది.

కావున, కేసు ఎటు తేలినను సరే, ఆ ఒక్క సంతకము వెంటనే చేయించవలసినదిగా ప్రార్థన. కోర్టువారి అధికారములో నేను వేలు పెట్టుట లేదు. ఈ ముసలివాని మొర చిత్తగించి పాపను కనికరించవలెను.

తమ విధేయుడు,
విల్‌ఫ్రెడ్ గార్‌సైడ్

తా.క.: ఇది కవరులో పెట్టేలోపే కుమారి థార్ప్ ఫోన్ చేసింది. తీర్పు వచ్చిందట. బెథాన్‌ను దూరపు ఊరివాళ్ళకు దత్తత ఇస్తారట. నాకు ఇంకొక్కసారి మాత్రమే చూపిస్తారట. "ఇప్పుడు మీ ఫిర్యాదు తీసుకుంటారండీ" అంది.

ఫిర్యాదు వద్దు. ఆ కొత్తవాళ్ళకు ఇంత మాత్రం చెప్పండి. పాపకు కుడి చెవి కాస్త మేలు. వెనకనుంచి ముట్టుకోవద్దు, ఉలిక్కిపడుతుంది. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా మాట్లాడమనండి. నీమీద ఎవరికీ కోపం లేదని రోజూ చెప్పమనండి.