మీరడిగిన నోటుబుక్కు

ఫిల్మ్‌నగర్,
12 ఆగస్టు 1993

రాజ్యలక్ష్మక్కయ్యకి,

మీ ఉత్తరం అంది పదిరోజులైంది. లండన్ డాక్టరు లైసెన్సు పరీక్షకి మీరు చేత్తో రాసుకుని, తర్వాత నాకిచ్చిన ప్రశ్నల నోటుబుక్కు మీ చెల్లెలు నీరజకి పంపమన్నారు. పంపలేను. అది ఇప్పుడు లేదు.

"రోజూ అదే చదువుతున్నాను" అని నేను రాసింది అబద్ధం అక్కయ్యా. నోటుబుక్కుతో ఎవరైనా పాసవుతారా అనుకుని, కోఠీలో ఇటుకల్లాంటి పుస్తకాలు నాలుగు కొన్నాను.

మా మామయ్య సినిమాలకి సెట్లు వేస్తారు కదా. పరీక్షకి నెల ముందు, ఆసుపత్రి సెట్టుకి డాక్టరు డైరీ కావాలని ఆయన దగ్గర పనిచేసే వీరయ్య వచ్చాడు. మీ నోటుబుక్కు తిరగేసి, "డాక్టర్ల రాత గిట్లనే ఉంటది డాక్టరమ్మా, గిదే ఇయ్యి" అన్నాడు. ఇచ్చేశాను. ఇటుకల్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

పరీక్ష తప్పాను. అదీ మీకు రాయలేదు.

మొన్న మామయ్య ప్రివ్యూకి తీసుకెళ్ళారు. తెర మీద హీరో కోపంగా మీ నోటుబుక్కులో పేజీ చింపి విసిరాడు. తెర నిండా మీ అక్షరాలు. పరీక్షలో నేను ఖాళీగా వదిలేసిన ప్రశ్నే అది. కింద ఎర్రసిరాతో జవాబు. హాలంతా చప్పట్లు కొడుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఆ సీను తీసిన ప్రతిసారీ కొన్ని చొప్పున పేజీలన్నీ చింపేశారట.

ఆ ప్రశ్న, జవాబు ఈ కాగితం వెనక రాశాను. నీరజకి ఇవ్వండి. మీ నోటుబుక్కులో నేను చదివింది ఆ ఒక్క పేజీయే, అదీ తెర మీద.

మీ హాస్టల్ జూనియర్