పదకొండో ముక్క

వదినా,

అన్నయ్యకు మతిమరుపు మొదలైందని, చిన్నప్పటి పేకముక్కల గారడీ కూడా తప్పుతున్నాడని, డాక్టరుకు చూపిస్తానని రాశారు. వద్దు. ఆయన బుర్ర నిక్షేపంగా ఉంది. తప్పు నాది.

ఇరవై ఒక్క ముక్కల్లో ఒకటి తలుచుకోమంటాడు. మూడు వరసలుగా మూడుసార్లు పరిచి, ప్రతిసారీ నా ముక్క ఏ వరసలో ఉందో అడుగుతాడు. నిజం చెబితే అది పదకొండోదిగా వచ్చి తీరుతుంది. లెక్క అలాంటిది. వచ్చిందంటే, "సరే చెల్లీ, వెళ్ళొస్తా" అని చెప్పులేసుకుంటాడు. మళ్ళీ ఆదివారం దాకా ఈ గదిలో ఇంకో మనిషి గొంతు వినపడదు. తప్పితే మాత్రం ముక్కలు కలిపి మళ్ళీ మొదలుపెడతాడు. అందుకే వేరే వరస చూపిస్తున్నాను.

ఈసారి నిజమే చెబుతాను. ముక్క దొరికాక కూడా కాసేపు కూర్చుని రమ్మని మీరే చెప్పండి. నేనడిగానని అనకండి.

మీ ఆడపడుచు