వింటి తాడుకు ఉన్ని

లత వాళ్ల బాపుకు,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చేనులో కోతులను తోలి వచ్చి, వాకిట్లో ఒకసారి వింటి తాడు మీటేవాడివి. ఇప్పుడు నువ్వు చెక్కిన ఆ విల్లుతోనే మన లత బాణాలు వేయడం నేర్చుకుంటోంది. తాడు మోగినప్పుడల్లా, చూపూ మతీ తప్పిన అత్తమ్మ లేస్తుంది.

"కొడుకొచ్చిండు, కాళ్లకు నీళ్లియ్యవేందే!"

నిన్న అలాగే లేచి గడప మీద పడింది.

అందుకే పొద్దున తాడు రెండు కొసలకూ జానెడు లోపల నీ మఫ్లర్ ఉన్ని కట్టాను. మోత ఆగింది.

సాయంత్రం అత్తమ్మ పళ్లెం జరిపేసింది. "వాడు రాలే, నేనెట్ల తింటనే?"

ఉన్ని విప్పి తాడు మీటాను. గడప దగ్గర నా కాళ్ల మీదే చెంబెడు నీళ్లు పోసుకున్నాను. ఆమె ముద్ద కలిపింది.

రేపు లత విల్లు పట్టకముందే మళ్లీ ఉన్ని కట్టాలి.