గుక్కెడు నీళ్ళంత సేపు

డ్రైవరమ్మగారికి నీ ఇంటాయన రాసేది. ఇక్కడ అమ్మా, చిన్నదీ, నేనూ బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ చేతికి చిక్కిన ఆ శిక్షణ బస్సూ క్షేమమేనని తలుస్తాను. రివర్సులో వెళ్ళి గోడను పలకరించావని చదివి అమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మీ అమ్మకి ఏం రాయమంటావని చిన్నదాన్ని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే రాస్తాను.

చిన్నదాన్ని ఏమడిగినా ఇంకా గుడ్లప్పగించి చూస్తోందా అని అడిగావు. రైలెక్కేముందు "వెళ్ళనా తల్లీ?" అంటే అది నోరు విప్పలేదని, ఆ మౌనమే నిన్ను తినేస్తోందని, శిక్షణ వదిలేసి వచ్చేస్తానని కూడా రాశావు. ఆగు, అప్పుడే మూటాముల్లె సర్దకు.

బడివాళ్ళు చెప్పిన డాక్టరమ్మగారికి దాన్ని చూపించాం. ఆవిడ దానితో బొమ్మల చీట్లు ఆడి, కబుర్లాడి, మా వైపు తిరిగారు.

"ఏడేళ్ళ పిల్లండీ. ఎత్తు పెరిగినట్టే ఆలోచనలో వేగమూ ఏటేటా పెరుగుతుంది. కొందరికి కాస్త నిదానంగా. ఒకేసారి మూడు పనులు చెప్తే ఒకటి జారిపోతుంది, ఆ బుర్రలో ఇంకా అంత చోటు లేదు. ఒక్కోటే చెప్పండి. అడిగాక కాసేపు ఆగండి. మీ ఇంట్లో ఎవరైనా ఆగుతారా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ వైపు చూసింది.

మీ అత్తగారి సంగతి నీకు తెలియందేముంది? "ఏం కావాలే?" అని అడిగేదీ తనే, "పాలు కావాలిట" అనేదీ తనే. అందుకని ఓ ఉపాయం కనిపెట్టింది. అడగ్గానే గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుంటుంది. చిన్నది చెప్పేదాకా మింగదు. మొన్న "నీకు ఏ నానమ్మంటే ఇష్టమే, నేనా, పక్కింటి నానమ్మా?" అని అడిగి బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది. చిన్నది పైకి చూసింది, కిందికి చూసింది. చివరికి "నోట్లో నీళ్ళు పోసుకున్న నానమ్మ" అంది. ఆ నీళ్ళన్నీ నా చొక్కా మీదే.

ఆగితే చాలు, అది చక్కగా మాట్లాడుతోంది. చీట్లాటలో నన్ను చిత్తుగా ఓడిస్తోంది కూడా. బోర్లించిన బొమ్మల్లో ఏది ఎక్కడుందో నాకు గుర్తుండి చావదు.

ఇక ఒక మాట నీ దగ్గర దాచాను. ఆ రోజు నీ రైలు వెళ్ళిపోయింది. స్టేషన్ బయటికొచ్చి స్కూటర్ తీస్తుంటే, "వెళ్ళమ్మా" అంది చిన్నది. నాకర్థం కాలేదు. మళ్ళీ అంది. "వెళ్ళమ్మా. కానీ నాన్నకి జడ వెయ్యడం నేర్పించి వెళ్ళు."

అదే నీ ప్రశ్నకి జవాబు. వినడానికి నువ్వు లేవు, అంతే. జడ బాగా వచ్చాక గొప్పగా రాద్దామని ఊరుకున్నాను. నువ్వు ఆ మౌనాన్ని మోస్తున్నావని నాకేం తెలుసు? మోటార్లకు రాగి తీగ చుట్టే చేతులకు ఇన్నాళ్ళూ మూడు పాయలు లొంగలేదు మరి. ఇవాళ మొదటిసారి బడి వదిలేదాకా జడ ఊడలేదు! నా సంతోషం పట్టడానికి ఈ కాగితం చాలదు. కాబట్టి నువ్వు బస్సు పూర్తిగా నేర్చుకునే రా.

ఇదిగో, ఇప్పుడే వచ్చింది జవాబు. నా భుజం మీదికి వంగి చెబుతోంది.

"అమ్మని రైల్లో రావద్దను నాన్నా. బస్సు తోలుకుంటూ రమ్మను."

ఇట్లు,
జడ నేర్చిన నీ ఇంటాయన