ఎంత పడినా అమ్మకు

మార్చి 3, సోమవారం. ఉదయం 7:10

షేర్ మార్కెట్ పడుతోంది. రెండు వారాల్లో తొమ్మిది శాతం. టీవీలో టై కట్టుకున్న ఆయన దీన్ని 'కరెక్షన్' అన్నాడు. ఆ మాట వినగానే నా భయం సగం పోయింది. నేను ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. ఇరవై రెండేళ్లుగా కరెక్షన్లే నాకు తిండి పెడుతున్నాయి. కరెక్షన్ అంటే ఏమిటి? తప్పులు పోయి పేజీ శుభ్రంగా రావడం. దానికి ఎవరైనా ఏడుస్తారా!

పడినప్పుడు కంగారుపడి అమ్ముకున్నవాడే మునుగుతాడట. కదలకుండా కూర్చున్నవాడు గట్టెక్కుతాడట. కూర్చోవడం నాకు బాగా వచ్చు. ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుంటున్నాను.

కాబట్టి తీర్మానం! ఇరవై ఒక్క రోజులు:

ఒకటి. షేర్ల యాప్ తీసేస్తాను. (తీసేశాను! 7:14కి.)

రెండు. టై ఆయన్ని చూడను.

మూడు. బావమరిదితో షేర్ల మాట ఎత్తను. వాడు మొబైల్ షాపులో ఫోన్లు అమ్ముతూ, ఖాళీ దొరికితే ఊరందరికీ టిప్పులు పంచుతాడు.

నాలుగు. అన్నిటికన్నా ముఖ్యం. అమ్మను.

7:40. రోజూ కళ్లబడేలా గోడకి అంటించుకోవాలని ఎర్ర పెన్నుతో రాశాను: "షేర్ల ధర ఎంత పడినా సరే, భయపడి ఒక్కటి కూడా అమ్మకు!" చదివితే అదనపు మాటలు కంట్లో నలుసుల్లా ఉన్నాయి. వృత్తి బుద్ధి ఊరుకుంటుందా? 'షేర్ల ధర' కొట్టేశాను, వేటి ధరో నాకు తెలియదా. 'సరే', 'ఒక్కటి కూడా' కొట్టేశాను. 'భయపడి' అన్నది పరువు తక్కువ, అదీ కొట్టేశాను. చివర ఆశ్చర్యార్థకం కూడా పీకేశాను, నా మీద నేనే అరుచుకోవడం ఎందుకని. సాఫు ప్రతి ఇదీ:

ఎంత పడినా అమ్మకు

ఫ్రిజ్ తలుపుకి అంటించాను. నా జన్మలో ఇంత చక్కటి వాక్యం రాయలేదు.

మార్చి 4, మంగళవారం. సాయంత్రం 6:30

ఫోను చూడకపోతే రోజు ఇంత పొడుగుంటుందా! అరవై నాలుగు పేజీల ప్రూఫు భోజనానికి ముందే అయిపోయింది. ఒక్క దీర్ఘం తప్పించుకోలేదు. ఒక్క ఒత్తు జారిపోలేదు. ఓనరు నా బల్ల ముందు ఆగి "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. బ్రహ్మాండంగా ఉందన్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. నీళ్ల సీసా తీయడానికి అంతసేపు ఎందుకో అర్థం కాలేదు. తర్వాత నేను అడగకుండానే నా పళ్లెంలో రెండో ఆమ్లెట్ వేసింది. తల నిమిరింది కూడా. నలభై నాలుగేళ్లవాణ్ని, సిగ్గేసింది. బాగుంది కూడా.

మార్చి 5, బుధవారం

11:00. మెషిన్ నడిపే మాస్టారు తన ఫోను చూసుకుని "అబ్బా" అన్నాడు. ఆయనకీ షేర్లున్నాయి.

11:02. "అబ్బబ్బా."

11:03. నా తీర్మానం నా ఫోను గురించి. మాస్టారి ఫోను గురించి అందులో ఒక్క ముక్క లేదు. చూశాను. పదకొండు శాతం! తెరంతా ఎరుపు. అంత ఎర్ర సిరా మా ప్రెస్సులో కూడా లేదు.

6:00. యాప్ మళ్లీ ఎక్కించాను. సోమవారం పూర్తిగా తీసేశానా లేదా అని చూసుకోవడానికి మాత్రమే. పూర్తిగానే తీసేశాను. ఇప్పుడు మళ్లీ తీయడం దేనికి, ఉండనీ.

మార్చి 6, గురువారం

9:50. బావమరిది ఫోను. షేర్ల మాట నేను ఎత్తలేదు, వాడే ఎత్తాడు. "బావా! ఇది ఏడ్చే టైమ్ కాదు, ఏరుకునే టైమ్! సరుకంతా చవగ్గా పోతుంటే నువ్వు గడప బయట నిలబడి చూస్తావా?"

కాగితంలో ఉన్నది అమ్మడం గురించి. కొనొద్దని ఎక్కడుంది? ఎక్కడా లేదు!

10:30. కొన్నాను!! కొత్త ఫ్రిజ్‌కని దాచిన డబ్బు మొత్తం పెట్టేశాను. పాతది ఇంకో ఏడాది గురగురమన్నా మాకేం నష్టం లేదు.

10:50. ఒక శాతం పెరిగింది. నేను మేధావిని. మాస్టారికి కాఫీ ఇప్పించాను.

2:00. మూడు శాతం పడింది. కాఫీ వెనక్కి అడిగితే బాగోదు.

సాయంత్రం 6:15. మళ్లీ బావమరిది. ఈసారి వాడి గొంతే వణుకుతోంది. నేనే ధైర్యం చెప్పాను. గట్టిగానే చెప్పాను. "నాది ఒకటే మాట. ఎంత పడినా అమ్మకు!" వెనక్కి తిరిగితే అమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఉల్లిపాయలు కోస్తోందనుకున్నాను.

మార్చి 7, శుక్రవారం. ఉదయం 8:50

అమ్మ నా ముందు రంగుల కాగితం ఒకటి పెట్టింది. నిండా స్కూటర్లు.

"ఎర్రది బాగుందా, నీలందా?"

"ఎర్రది" అన్నాను. ఈ వారం నాకు వేరే రంగు నోటికి రావడం లేదు.

"ఎవరికమ్మా?" అని అడిగాను.

"ఏమీ తెలీనట్టు!" అని నా చెంప మీద చిన్నగా తట్టి వెళ్లిపోయింది.

అమ్మకి అరవై ఏడేళ్లు. ఊరి ఆ చివర ఒక నాటక బృందం ఉంది, దానికి ప్రాంప్టింగ్ చేస్తుంది. అంటే తెర పక్కన నక్కి, మర్చిపోయినవాళ్లకి డైలాగులు అందిస్తుంది. మా వీధి మీదుగా వెళ్లే బస్సు తీసేసి నాలుగు నెలలైంది, అప్పటినుంచి ఇంట్లోనే ఉంటోంది. ఆమె బదులు వాళ్లు పెట్టుకున్నాయన అందించడం కన్నా దగ్గడం ఎక్కువట. అమ్మ మాత్రం వంటగదిలో గిన్నెలకి డైలాగులు అందిస్తోంది.

స్కూటర్ల కాగితం సంగతి తర్వాత ఆలోచించవచ్చు. మార్కెట్ తెరిచే వేళైంది.

మార్చి 8, 9. శని, ఆదివారాలు

రెండు రోజులూ తీర్మానం అణువంత తప్పలేదు! మార్కెట్‌కి సెలవన్నది వేరే విషయం.

ఆదివారం 5:00. మా ఆవిడ ల్యాబులో రక్తం తీస్తుంది. ఏ కబురైనా సూది గుచ్చేటప్పుడు మాట్లాడినట్టే మెత్తగా చెబుతుంది.

"ఏమండీ, కంగారుపడకండి. అత్తయ్య స్కూటర్ నేర్చుకుంటున్నారు. మా తమ్ముడు నేర్పుతున్నాడు. మూడు రోజులైంది. స్కూల్ గ్రౌండులో."

"స్కూటరా? ఎందుకు?"

"మీరు కొనిపెడుతున్నారుగా. ఎంత పడినా అమ్మకు అని ఫ్రిజ్ మీద అంటించారు కూడా. మీ మనసు ఇంత మంచిదని నాకే తెలీదు."

"అది అమ్మకు కాదు! అమ్మకు!"

"నేనూ అదేగా అంటున్నా. అమ్మకు."

"అమ్మకు అంటే అమ్మకు కాదే! అమ్మొద్దు! షేర్లు! ధర ఎంత పడినా అమ్మొద్దు!"

మా ఆవిడ కాగితాన్ని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. తర్వాత ఫ్రిజ్‌ని పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది. ఎంత నవ్విందంటే ఫ్రిజ్ గురగుర కూడా వినిపించలేదు.

ఇరవై రెండేళ్ల ప్రూఫ్ రీడర్ని! లోకంలో అందరి వాక్యాలూ దిద్దినవాణ్ని! ఎంత ఖర్చు పడినా మా అమ్మకు అని అమ్మ చదువుకుంది. తప్పు ఆవిడది కాదు. ఒక్క 'షేర్ల ధర' ఉంచినా బతికిపోయేవాణ్ని.

పైగా ఇంట్లో చేతిలో డబ్బు లేదు. ఉన్నదంతా గురువారం ఏరుకోవడానికి పోసేశాను.

మార్చి 10, సోమవారం

9:40. నిర్ణయం: అమ్మకి ఈ రోజే నిజం చెప్పేస్తాను. చెబితే అయిపోతుంది.

10:15. సూచీ ఇంకో రెండు శాతం కిందకి.

10:40. ఇంకోటి.

11:05. మాస్టారు అన్నీ అమ్మేసి మెషిన్ పక్కన చాప పరుచుకుని పడుకున్నాడు. ముఖంలో ఎంత ప్రశాంతత! నాకు కుళ్లొచ్చింది.

11:20. బాత్రూమ్‌లోకెళ్లి యాప్ చూశాను. వచ్చి కూర్చున్నాను. మళ్లీ వెళ్లాను. ఓనరు మళ్లీ "ఒంట్లో బాగుందా?" అన్నాడు. ఈసారి అర్థం వేరు.

3:00. ఓనరు బల్ల మీద ఒక కాగితం పడేశాడు. పంటి డాక్టరు కరపత్రం, మూడు వేలు అచ్చయి వెళ్లిపోయింది. శుక్రవారం నేను సంతకం చేసిన ప్రూఫు. "మా దగ్గర పన్ను తీస్తే నొప్పి ఉండదు" అని ఉండాలి. "నొప్పి ఉండును" అని ఉంది.

డాక్టరుకి నేనే ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన నిట్టూర్చాడు. "పొద్దుట్నుంచి పదకొండు మంది వచ్చారండీ. నిజం రాసిన డాక్టరు ఎక్కడున్నాడో చూద్దామని" అన్నాడు.

6:30. అమ్మకి నిజం చెప్పడానికి గదిలోకి వెళ్లాను. అమ్మ ఫోన్లో ఉంది. అవతల నాటక బృందం. "గురువారం నుంచి వస్తాను. ఆ దగ్గులాయనకి ఒక దండం పెట్టి పంపించెయ్యండి. ఆఁ, నా స్కూటర్ మీదే! మావాడు కొనిపెడుతున్నాడు. ఎంతైనా పర్లేదన్నాడు!"

నేను గోడ మీద గడియారం టైము చూసి బయటికొచ్చాను.

మార్చి 11, మంగళవారం

10:05. షేర్లలో సగం అమ్మేశాను.

తీర్మానం మొదలైన తొమ్మిదో రోజు. ఇప్పటిదాకా అన్నిటికన్నా తక్కువ ధర పలికిన రోజు. పది నిమిషాల పని.

ఇది ఓటమి కాదు. నేను భయపడి అమ్మలేదు. అమ్మకు అమ్మాను.

10:30. డైరీలో అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను? అమ్మ కోసం అమ్మానా, భయంతో అమ్మానా? 'అమ్ము' అన్న బొత్తాం నొక్కగానే ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో నాకు తెలుసు. ఆ ఊపిరి అమ్మది కాదు.

2:00. చాప మీద మాస్టారి పక్కన పడుకున్నాను. చాలా బాగుంది.

మార్చి 12, బుధవారం

10:00. మార్కెట్ నాలుగు శాతం పైకి.

10:01. నాలుగున్నర.

10:02. నేను అమ్మడం కోసమే ఇన్నాళ్లూ ఆగిందన్నమాట!

సాయంత్రం 5:00. ఎర్ర స్కూటర్ వచ్చింది. అమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. హారన్ నొక్కింది. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. మళ్లీ నొక్కింది. బావమరిది నా పక్కకి చేరి "బావా, ఇంకో రెండ్రోజులు ఆగుంటే..." అన్నాడు. అమ్మ మూడోసారి హారన్ నొక్కింది, వాడి మాట వినపడలేదు. ఆ హారన్ అంటే నాకు అప్పటినుంచి ఇష్టం.

మార్చి 15, శనివారం

అమ్మ వెనక కూర్చుని రిహార్సల్‌కి వెళ్లాను. వెళ్లక తప్పలేదు. అమ్మ స్కూటర్ నడుపుతూ కూడా నాటకం డైలాగులు చెబుతోంది, మలుపు దగ్గర విలన్ వచ్చాడు, స్పీడ్ బ్రేకర్ మీద వాడు చచ్చిపోయాడు.

సిగ్నల్ పడింది. ఇక దాచలేకపోయాను.

"అమ్మా, ఆ ఫ్రిజ్ మీది కాగితం..."

"షేర్లు అమ్మకు అనేగా? తెలుసులే."

నా గుండె ఒక్కసారి ఆగింది. సిగ్నల్ మాత్రం ఎర్రగానే ఉంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ గురువారం మీ బావమరిదితో ఫోన్లో అరిచావు చూడు, కాసేపు నిజమే అనుకుని ఏడ్చాను కూడా. తర్వాత ఆలోచిస్తే తేడాగా ఉంది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్నదాన్నిరా. రాంగ్ నంబరైతే గొంతులోనే తెలిసిపోతుంది."

"మరి చెప్పలేదేం? స్కూటర్ కూడా నేర్చుకున్నావు!"

"రాంగ్ నంబరని చెప్పి నువ్వు ఫోన్ పెట్టేస్తావేమోనని చూశాను. రోజూ చూశాను. నువ్వు పెట్టెయ్యలేదు."

నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ పెట్టుకున్నాక ఏడిస్తే తుడుచుకోవడానికి దారి ఉండదు. అలాగే చెప్పేశాను. "సగం భయంతోనే అమ్మానమ్మా."

"మిగతా సగం చాల్లే నాకు" అంది. పచ్చలైటు పడింది. స్కూటర్ ఒక్క గెంతు గెంతింది.

మార్చి 17, సోమవారం

7:00. సూచీ మూడు రోజులుగా పైకే వెళ్తోంది. అమ్మేసినవి మళ్లీ కొనెయ్యాలని చేతులు దురద పెడుతున్నాయి. వద్దు! మళ్లీ మొదలు! యాప్ తీసేశాను. ఇరవై ఒక్క రోజులు. మిగిలిన సగం అలాగే ఉంటుంది. చూడను, కొనను, మాస్టారి ఫోనులో కూడా చూడను (ఈసారి అది కూడా రాసుకున్నాను). ఒకటో రోజు!

8:45. యాప్ ఎక్కించాను. ఇంకా తెరవలేదు.

8:50. అమ్మ తాళాలు ఊపుతూ వచ్చింది. "రా, ప్రెస్సు దగ్గర దింపేస్తా."

10:00. ప్రెస్సులో రాస్తున్నాను. అమ్మ రెండు లారీల మధ్యలోంచి పోనిచ్చింది. ఒక పోలీసుకి నమస్కారం పెట్టబోయి హ్యాండిల్ వదిలేసింది. నేను రెండు చేతులతో సీటు కింద కడ్డీ పట్టుకుని దారి పొడుగునా "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాను. గేటు ముందు దిగి గడియారం చూస్తే మార్కెట్ తెరిచి ఇరవై నిమిషాలు దాటింది. ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు! ఈ రెండు వారాల్లో మొదటిసారి!

"ఇంకో ఇరవై రోజులు నన్ను నువ్వే దింపాలమ్మా" అన్నాను.

"దానికేం భాగ్యం" అంది అమ్మ. ఎడమవైపు ఇండికేటర్ వేసి, కుడివైపు తిరిగి వెళ్లిపోయింది.