మూడో డాక్టరమ్మ గది బయట

సుజాతా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. నీ బిడ్డ రమ్య ఇవాళ నల్లగొండ దవాఖానకు ఒక్కతే పోయింది. నీకున్న దిగులే దానికీ వచ్చింది. మొదటి డాక్టరు మందులకు పగలంతా మత్తుగా పడుకునేది. రెండో ఆయన ఏమడిగినా దాని బదులు నేనే చెప్పాను, అప్పట్లో నీ బదులు చెప్పినట్టే. ఈ మూడో డాక్టరమ్మ పోయినవారం నన్ను బయట కూర్చోమంది. లోపల రమ్య ఏడుస్తుంటే నాకు ప్రార్థన కూడా నోటికి రాలేదు.

"పెద్దమ్మా, గీమెతోని నాకు మాట్లాడొస్తాంది. వచ్చేవారం నేనొక్కదాన్నే పోత. నువ్వు ఫికర్ చెయ్యకు," అంది బయటికొచ్చి.

ఇవాళ పొద్దున దాన్ని చిట్యాలలో బస్సెక్కించి, ఇంటికి పోలేక బస్టాండులోనే కూర్చున్నాను. రెండుసార్లు ఫోన్ తీసి మళ్లీ సంచిలో పెట్టాను. అది తిరిగొచ్చి బస్సు దిగాక, లోపల ఏం చెప్పావని అడగను. "అన్నం తిన్నవా బిడ్డా" అని మాత్రం అడుగుతాను.

మీ అక్క