నాయన అన్న తెరిపి మాట

అక్క చెన్నమ్మకు తమ్ముడు మునెప్ప దండం పెట్టి రాస్తున్నాను. నా ఒళ్లు బాగుంది. నీ మోకాలు ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? తగ్గకపోతే బర్గూరు డాక్టరు దగ్గరికి పంపు.

హోసూరుకు వచ్చి మూడు నెలలైంది. చలి ఎక్కువ. తోటపని తేలికే, అన్నీ రోజా చెట్లు. రాగి ముద్ద నేనే చేసుకుంటాను. మొదట్లో మాట్లాడే మనిషి లేక తోచలేదు. ఇప్పుడు పరవాలేదు, దిగులు పడొద్దు.

నేను తోటపని చేసే ఈ ఇంటి మేడం కాలేజీలో సాహిత్యం చెబుతుంది. కొన్ని మొక్కలు, పుట్టగొడుగులు తింటే లేనివి కనబడతాయి కదా. అది కథల్లో, పాటల్లో ఎట్లా చెప్పుకున్నారు, దాన్ని రాయడంలో ఏది న్యాయం అని పుస్తకం రాస్తోంది. వంటామె "మత్తు పుస్తకం" అంటే నేను సారాయి అనుకున్నాను.

"తాగేవాళ్ల గురించా అమ్మా?" అని అడిగేశాను.

"నేను కాఫీ తప్ప ఏమీ తాగలేదప్పా!" అని పడిపడి నవ్వింది.

ఆ నవ్వుకు నాకు ధైర్యం వచ్చి నాయన సంగతి చెప్పేశాను. గొర్రెల వెంట పోయి, ఆకలికి ఏవో పుట్టగొడుగులు తిని, పొద్దుగూకేదాకా గుట్ట మీద నవ్వుతూ ఏడుస్తూ కూర్చున్నాడు కదా. ఊరు పిచ్చోడన్నది. ఆ మాటతో నీకు మొదట కుదిరిన పెళ్లి ఆగింది.

"ఆయన దాన్ని ఏమనినాడప్పా?"

"మత్తు అనలేదమ్మా. వాన తెరిపిచ్చినట్ల తలలో తెరిపి అయింది అనినాడు."

మేడం కలం కింద పెట్టింది. "ఇన్ని పుస్తకాలు చదివినా ఈ మాట నాకు యాడా దొరకలేదప్పా" అన్నది. నాయనను మెచ్చుకున్న మనిషిని మొదటిసారి చూశాను అక్కా.

మరుసటి రోజు, నాయన గురించి తాను రాసింది చదివి వినిపించింది. పిచ్చి అని లేదు. గొప్ప అనీ లేదు. అట్లాంటివి తిని చచ్చినవాళ్లూ ఉన్నారని కూడా రాసింది. అచ్చు వేయించమన్నాను. ఒప్పుకోలేదు.

"మీ అక్కా ఆయన బిడ్డే కదప్పా. ఊళ్లో మాటలు పడింది ఆయమ్మ. ఆయమ్మ ఊ అంటేనే."

అంత చదివిన మనిషి నీ మాట కోసం ఆ కాగితాలు పక్కన పెట్టింది. మనవరాలితో ఈ ఉత్తరం రెండుసార్లు చదివించుకో. వద్దంటే వద్దు. నాకు కోపం రాదు, మేడంకూ రాదు. సరే అంటే ఇంకొకటి చెప్పు. ఊరికే గొర్రెల కాపరి అని రాయాలా, నాయన పేరు రాయాలా? నాకు పేరు రాయాలని ఉంది.

వచ్చేవాళ్లతో కొంచెం ఉలవలు పంపు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. నన్ను దీవించు.

నీ తమ్ముడు,
గొర్రెల హనుమప్ప కొడుకు మునెప్ప